లంకెబిందెల వేటకు ముగ్గురు

అనగనగా అంటే ఎన్నాళ్ళ కిందటో నాకూ తెలీదు గానీ, కుందనగిరిలో ఒక రాజుండేవాడు. ఈ కథ మొదలయ్యేసరికి ఆయన నిద్రపోతున్నాడు కాబట్టి మీరు కాస్త అల్లరి మాని వినండి.

అది మామూలు నిద్ర కాదు. కరాళుడనే మాంత్రికుడు కొలువుకొచ్చి రాజ్యం ఇమ్మన్నాడు. రాజు ఇవ్వనన్నాడు. వాడు చిటికెడు బూడిద తీసి రాజు మొహాన ఊదాడు. అంతే, రాజు సింహాసనం మీదే గురకపెట్టాడు. రెండో పున్నమిలోగా రాజ్యం తన చేతికి రాకపోతే రాజు ఊపిరి ఆగిపోతుందని చెప్పి, వాడు గాలిలో కలిసిపోయాడు.

రాజుకు ఒక్కడే కొడుకు, ఉదయకేతు. అందగాడు, మంచివాడు, కత్తి తిప్పడంలో దిట్ట. ఒకటే లోటు. ఏ సంగతీ తేల్చుకోలేడు. ఎర్ర పాగా చుట్టుకోవాలా, పచ్చ పాగా చుట్టుకోవాలా అని ఆలోచిస్తూ మధ్యాహ్నం దాకా ఉత్త తలతో తిరిగేవాడు. అలాంటివాడి నెత్తిన పడింది తండ్రిని బతికించే పని.

ఊళ్ళో నూకాలవ్వ అని ఒక ముసలమ్మ అంజనం వేసేది. తమలపాకు మీద కాటుకలాంటి అంజనం పూసి, అందులోకి చూసి, పోయిన వస్తువులు ఎక్కడున్నాయో చెప్పేది. రాజకుమారుడు వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాడు. అవ్వ ఆకులోకి చాలాసేపు చూసింది. ఏడు సముద్రాల అవతల ఒక దీవి ఉందనీ, దీవిలో ఒకే ఒక తుమ్మచెట్టుందనీ, దాని మానుకు తూర్పున పది అడుగుల్లో నేలలోపల రెండు లంకెబిందెలున్నాయనీ చెప్పింది. ఒక బిందె నిండా బంగారం. రెండో బిందెలో చిలక. ఆ చిలకలో కరాళుడి ప్రాణం. చిలక చస్తే వాడు చస్తాడు, వాడు చస్తే వాడి మంత్రాలన్నీ చస్తాయి.

"కానీ నాయనా, ఆ బిందెలు ముగ్గురు కలిసి తవ్వితేనే దక్కుతాయి. ముగ్గురిలో ఒక్కరి మనసులో దగా ఉన్నా బొగ్గులే మిగులుతాయి" అంది అవ్వ.

ఎవరి మనసులో దగా ఉందో ఎలా తెలుస్తుందని అడిగాడు ఉదయకేతు. అది అంజనంలో కనబడదని చెప్పి, అవ్వ ఆ తమలపాకును తుడిచి, వక్క పెట్టుకుని నమిలేసింది.

ఉదయకేతు ఇంటికొచ్చి మంత్రిని అడిగాడు. కలిగినవాణ్ణి తీసుకెళ్ళు, వాడికి ఆశ ఉండదన్నాడు మంత్రి. సరే అనుకున్నాడు. సేనాపతిని అడిగాడు. లేనివాణ్ణి తీసుకెళ్ళు, వాడికి భయం ఉంటుందన్నాడు సేనాపతి. అదీ సరే అనుకున్నాడు. తల్లిని అడిగాడు. చుట్టాలను తప్ప ఎవరినైనా తీసుకెళ్ళమంది రాణి. అది మరీ సరిగ్గా ఉంది. మూడూ సరిగ్గానే ఉండేసరికి అతనికి ఏమీ పాలుపోలేదు.

చివరికి దండోరా వేయించాడు. వచ్చినవాళ్ళలో ఒకడు అరచేతిలో కర్పూరం వెలిగించి ఒట్టేశాడు. ఒకడు తనకు వాటా అక్కర్లేదన్నాడు. ఒకడు ఏడ్చి మరీ నమ్మమన్నాడు. అందరూ నమ్మదగినవాళ్ళలాగే ఉన్నారు, అందరూ దొంగల్లాగానూ ఉన్నారు. ఉదయకేతు వంద చిన్న మూటలు కట్టించి, ముళ్ళు మాత్రం తన చేత్తోనే వేసి, మనిషికొకటి ఇచ్చాడు. విప్పకుండా రేపు తెచ్చి ఇమ్మన్నాడు.

మర్నాడు తొంభై ఎనిమిది మంది మూటలు తెచ్చి, విప్పలేదని చెప్పి ఇచ్చారు. రాజకుమారుడు సంబరంగా మూటలు చూసుకున్నాడు. తను వేసిన ముడి ఒక్కదానికీ లేదు. తొంభై ఎనిమిది మూటలకు తొంభై ఎనిమిది రకాల ముళ్ళున్నాయి.

మిగిలిన ఇద్దరివీ విప్పేసే ఉన్నాయి. ఒకడు గురవడు, ఊరందరికీ తెలిసిన దొంగ. విప్పకుండా ఉండలేకపోయాననీ, లోపల ఉలవలు చూసి తనకే సిగ్గేసిందనీ చెప్పాడు. రెండో మనిషి నాంచారి, చెరువులు తవ్వే వాళ్ళ అమ్మాయి.

"మూట చెమ్మగా ఉంది దొరా. అట్టే ఉంచితే ఉలవలు మొలకలొచ్చేస్తాయని విప్పి ఎండబెట్టా" అంది.

పరీక్ష నెగ్గామన్నవాళ్ళు అబద్ధమాడారు, తప్పినవాళ్ళు నిజం చెప్పారు. ఇప్పుడు ఎవరిని తీసుకెళ్ళాలి? మీకు తెలుసు. ఉదయకేతుకు మాత్రం మూడు రోజులు పట్టింది.

ముగ్గురూ సముద్రపు ఒడ్డుకు చేరారు. అక్కడ ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని ఉంటే గురవడు చిక్కుముడులన్నీ చిటికెలో విప్పి వదిలాడు. ఆ మేలుకు తాబేలు వాళ్ళను వీపున ఎక్కించుకుంది. మొదటి సముద్రం దాటాక, మీ వాళ్ళిద్దరూ నమ్మకస్తులేనా అని అడిగింది. ఉదయకేతు ఏమో అన్నాడు. రెండో సముద్రం దాటాక మళ్ళీ అడిగింది. మళ్ళీ ఏమో అన్నాడు. ఏడు సముద్రాలకూ అడిగింది, ఏడుసార్లూ అదే జవాబు. ఆ ఇద్దరూ వీపు మీదే కూర్చుని వింటున్నారన్న ధ్యాస కూడా అతనికి లేదు.

దీవిలో తుమ్మచెట్టు దొరికింది. మానుకు తూర్పున పది అడుగులు కొలిచి, అక్కడ గుర్తు పెట్టి, గుర్తు చుట్టూ పెద్ద గుండ్రం గీశారు. నాంచారి పార అందుకుంది. చెరువులు తవ్వేవాళ్ళు గొయ్యి నడుమ ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. ఎంత లోతు తవ్వారో ఆ దిమ్మె ఎత్తు చూస్తే తెలుస్తుంది. తవ్వినవాళ్ళూ తవ్వించినవాళ్ళూ ఒకరినొకరు మోసం చేసుకోకుండా అది సాక్షి. నాంచారి పుట్టి బుద్ధెరిగాక దిమ్మె వదలకుండా తవ్వింది లేదు. ఇక్కడా వదిలింది. ఉదయకేతుకు అది తెగ నచ్చింది. ఎవరు ఎంత తవ్వారో తెలియడానికి దాని మీద కత్తితో గీతలు పెట్టుకున్నాడు.

మొదటి రోజు మోకాలి లోతు తవ్వారు. ఏమీ లేదు. రెండో రోజు నడుము లోతు తవ్వారు. ఏమీ లేదు. మూడో రోజు మెడ లోతు తవ్వారు. పారకు ఏదో తగిలింది. ముగ్గురూ వంగి చూశారు. బొగ్గులు.

ఉదయకేతు గొయ్యిలోనే కూలబడ్డాడు. పున్నమికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. సింహాసనం మీద గురకపెడుతున్న తండ్రి గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

ముందు గురవడు నోరు విప్పాడు. "దగా నాదే అయ్యుంటది బాబూ. నిన్న ఒక్క క్షణం, బంగారం బిందె ఎత్తుకుని ఉడాయిస్తే అనిపించింది. ఈత రాదని ఆగిపోయా."

కాదు, తనదేనంది నాంచారి. తన వాటా రాగానే మట్టి మోసే గాడిదలు కొనాలని నిన్నంతా అదే ఆలోచిస్తూ, రాజుగారి సంగతే మరిచిపోయానంది.

ఉదయకేతు ఇద్దరినీ చూశాడు.

"మీ ఇద్దరిదీ కాదు. మిమ్మల్ని తెచ్చుకున్నదీ నేనే, ఒక్క పూటైనా నమ్మనిదీ నేనే. పక్కలో కత్తి పెట్టుకుని కూర్చున్నాను. అదిగో, ఆ దిమ్మె మీద గీతలు కూడా మీ మీద అనుమానంతో పెట్టినవే" అన్నాడు.

నాంచారి దిమ్మెను చూసింది. గీతలను చూసింది. పార ఎత్తి దిమ్మె మీద ఒక్క పోటు పొడిచింది. మన ముగ్గురికీ మనమే సాక్షులం, ఇంక ఇదెందుకని రెండో పోటు పొడిచింది. మూడో పోటుకు లోపల ఖంగుమంది.

బిందెలు దిమ్మెలోనే ఉన్నాయి. గుర్తు పెట్టిన చోటును చక్కగా నడుమ వదిలేసి, చుట్టూ మూడు రోజులు తవ్వారు మన మొనగాళ్ళు. మరి ఈ బొగ్గులేమిటని రాజకుమారుడు తికమకపడితే, ఒడ్డు మీంచి తాబేలు చెప్పింది. కరాళుడు బిందెలు పాతిన రోజున అక్కడే అన్నం వండుకున్నాడట. ఆ పొయ్యి బొగ్గులవి.

ఉదయకేతు రెండో బిందె మూత తీసి చిలకను పట్టుకున్నాడో లేదో, గాలి దుమారం లేచి కరాళుడు గొయ్యి గట్టున నిలబడ్డాడు. వాడి మొహం పాలిపోయింది. చిలక మనిషి చేతికి చిక్కితే వాడి మంత్రం పనిచేయదు. ఇక వాడికి మిగిలింది నాలుక ఒక్కటే.

"పిచ్చివాడా, ఆ ఇద్దరిలో ఒకరు నా మనిషి. ఎవరో చెబుతాను, చిలకను ఇటు ఇవ్వు" అన్నాడు తియ్యగా.

ఉదయకేతు చేతులు వణికాయి. గురవడివైపు చూశాడు, నాంచారివైపు చూశాడు. ఇద్దరిలో ఎవరూ ఒట్టు వేయలేదు. వణికే వేళ్ళ సందుల్లోంచి చిలక జారిపోతోంది.

"గురవా, నా చేతులు వణుకుతున్నాయి. నువ్వు పట్టుకో" అని, తండ్రి ప్రాణాన్ని తీసుకెళ్ళి ఊరందరికీ తెలిసిన దొంగ చేతిలో పెట్టాడు.

కరాళుడు గొయ్యిలోకి దూకబోయాడు. గురవడు చిలక మెడ తిప్పేశాడు. మాంత్రికుడు దూకినవాడు దూకినట్టే బూడిదై నేల మీద రాలాడు.

తిరిగొచ్చేటప్పుడు ఏడు సముద్రాలకూ తాబేలు ఏమీ అడగలేదు. కోటకు చేరేసరికి రాజు లేచి కూర్చుని, ఇన్నాళ్ళ ఆకలి తీరేలా గారెలు తింటున్నాడు. కొడుకు ఆయన కాళ్ళ మీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

బంగారం ముగ్గురూ సమానంగా పంచుకున్నారు. నాంచారి గాడిదలు కొనుక్కుంది. గురవడు ఈత నేర్చుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఉదయకేతు మాత్రం ఎర్ర పాగా చుట్టుకుని, పొద్దున్నే, ఎవరినీ సలహా అడక్కుండా, చెరువు పని దగ్గరికి వెళ్ళి నాంచారిని పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు.

"చేసుకుంటా గానీ, ముందే చెబుతున్నా. నువ్వు కోటలో ఏ పని చేసినా నేను ఊరుకోను, తప్పయితే తప్పని నలుగురి ముందే అంటా" అంది నాంచారి.

"అందుకే అడిగాను" అన్నాడు ఉదయకేతు.

పెళ్ళికి నూకాలవ్వ తాంబూలాలు సర్దింది, తాబేలు ముందు వరసలో కూర్చుంది. తండ్రి తరవాత ఉదయకేతు రాజై చాలా ఏళ్ళు ఏలాడు. కొలువులో రోజుకు నాలుగుసార్లు రాణి అతన్ని తప్పుపట్టేది. ఆ నాలుగు మాటలూ వినడానికే జనం పనులు మానుకుని వచ్చేవారు, రాజు తల ఊపి నవ్వుతుంటే నిశ్చింతగా ఇళ్ళకు వెళ్ళేవారు.