నేరేడు చెట్టు మీది కూత

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలం వచ్చిందంటే నీళ్లుండేది ఒక్క మడుగులోనే. ఆ మడుగుకు ఏటా ఒక పెద్దను ఎన్నుకునేవాళ్లు. ఏ జంతువు ఏ వేళకు వచ్చి నీళ్లు తాగాలో చెప్పేది ఆ పెద్దే.

కిందటేడు పెద్ద మెత్తనయ్య అనే చిరుతపులి. నడిస్తే అడుగుల చప్పుడు వినబడదని ఆ పేరు.

"గడ్డీ ఆకూ తినేవాళ్లంతా మిట్టమధ్యాహ్నం వచ్చి తాగండి. నేను పొదలో కూర్చుని మీకు కాపలా కాస్తాను" అన్నాడు మెత్తనయ్య.

కాపలాట, కాపలా! పొద్దున పూట కొండగాలి వీస్తుంది. పొదలో ఎవరు దాక్కున్నా దుప్పుల ముక్కుకు తెలిసిపోతుంది. మధ్యాహ్నం గాలి పడిపోతుంది. అప్పుడిక ముక్కు పని చెయ్యదు. నేరేడు చెట్టెక్కి కూర్చున్న కొండముచ్చు చూసి అరిస్తేనే దిక్కు. ఆ కూత విన్నాక పారిపోవడానికి ఉండేది రెండు అంగల వ్యవధి. అది చాలకే పొన్నమ్మ అనే దుప్పి కిందటేడు తన కూనను పోగొట్టుకుంది.

ఈ ఏడు పొన్నమ్మకు మళ్లీ కూన పుట్టింది. "ఈసారైనా పొద్దున్నే నీళ్లు తాగే రోజు రావాలి" అని ఆమె కనబడ్డవాళ్లందరితో చెప్పుకుంది.

ఆ రోజు రావడం పెద్ద కష్టం కాదు. మెత్తనయ్య వైపు ఉన్నది నక్కలు, రేచుకుక్కలు, రాబందులు, అంతే. గడ్డీ ఆకూ తినేవాళ్లు వాళ్లకు మూడింతలు. ఒక్కరిని నిలబెట్టి, అందరూ ఆ ఒక్కరికే ఓటు గింజ వేస్తే గెలుపు ఖాయం. ఆ ఒక్కరు ఎవరో ముందు తమలో తాము తేల్చుకోవాలి. అక్కడే వీళ్ల తెలివి తెల్లారింది.

నిలబడతామని ఇద్దరు ముందుకొచ్చారు. ఒకడు చుక్కల దుప్పి కొమ్మన్న. రెండోవాడు కొండముచ్చు గెంతప్ప.

"నేను గెలిస్తే నీళ్లు పొద్దున్నే" అన్నాడు కొమ్మన్న.

"నేను గెలిచినా పొద్దున్నే" అన్నాడు గెంతప్ప.

ఇద్దరి మాటా ఒకటే అయితే ఎవరు గొప్పో ఎలా తెలుస్తుంది పిల్లలూ? పనికిమాలినవాళ్లకు తెలిసిన దారి ఒక్కటే. ఇద్దరూ తిట్టుకోవడం మొదలుపెట్టారు.

మొదటి రోజు కొమ్మన్న అన్నాడు. "గెంతప్ప పళ్లన్నీ తాను తిని మన నెత్తిన గింజలు ఉమ్ముతాడు!"

"కొమ్మన్న మడుగుకు వచ్చేది నీళ్ల కోసం కాదు. కొమ్ములు చూసుకుని మురిసిపోవడానికి!" అన్నాడు గెంతప్ప.

అందరూ నవ్వారు. అంతే, ఇద్దరికీ ఎక్కడలేని ఊపు వచ్చింది.

రెండో రోజు కొమ్మన్న, "కాలు కింద పెట్టని వాడికి నేల మీద తిరిగేవాళ్ల కష్టం ఏం తెలుసు?" అన్నాడు.

"కొమ్మన్న కిందటేడు మెత్తనయ్యకు తల వంచి దండం పెట్టాడు. నేను చెట్టు మీంచి నా కళ్లతో చూశాను" అన్నాడు గెంతప్ప. చూసిందీ లేదు, ఏమీ లేదు. నోటికొచ్చింది, అనేశాడు.

ఆ సాయంత్రం పొన్నమ్మ ఇద్దరినీ పిలిచింది. "నాయనలారా, మీ ఇద్దరిలో ఎవరు గెలిచినా నా కూన బతుకుతుంది. ఇలా బురద చల్లుకుంటే మీలో ఎవరు నిలబడ్డా ఓడిపోతారు. ఆపండి" అంది.

"పోటీ అన్నాక ఇవన్నీ మామూలే అత్తా. తేలాక కలిసిపోతాంలే" అన్నాడు కొమ్మన్న.

"మాటలదేముంది పిన్నీ, గాలికి పోతాయి" అన్నాడు గెంతప్ప.

గాలికి పోలేదు. మడుగు అవతలి బండ మీద పడుకుని మెత్తనయ్య ఒక్కొక్క మాటా జాగ్రత్తగా వింటున్నాడు.

మూడో రోజు కొమ్మన్న ఇంకా రెచ్చిపోయాడు. "గెంతప్ప కూత విని ఎన్నిసార్లు ఊరికే పరిగెత్తామో తెలుసా? చిరుతా లేదు, గిరుతా లేదు! వాడు కునుకు తీస్తుంటే తోక జారుతుంది. ఉలిక్కిపడి అరుస్తాడు!"

ఒక్కసారీ అలా జరగలేదు. అయినా మందంతా నవ్వింది. పొన్నమ్మ కూన పడీ పడీ నవ్వింది.

"కొమ్మన్న ముక్కు ఎప్పుడో చచ్చింది! మెత్తనయ్య పక్కన పడుకున్నా గడ్డిమోపు అనుకుంటాడు!" అని అరిచాడు గెంతప్ప.

అప్పుడు బండ మీంచి ఒక గొంతు వినబడింది. "బాబూ కొమ్మన్నా, ఆ తోక సంగతి ఇంకోసారి చెప్పవా? సరిగా వినబడలేదు."

అడిగింది ఎవరో కూడా చూసుకోకుండా కొమ్మన్న ఇంకా గట్టిగా చెప్పాడు. బుద్ధి ఉందా అని అడగకండి. ఉంటే ఈ కథే లేదు.

మర్నాడు ఎవరిని నిలబెట్టాలో తేల్చుకోవడానికి గడ్డీ ఆకూ తినేవాళ్లంతా తలా ఒక చింతగింజ తెచ్చి, ఇద్దరికీ చెరొకటిగా తవ్విన గుంటల్లో వేశారు. ముసలి తాబేలు లెక్క చూసింది. ఏడు గింజల తేడాతో కొమ్మన్న నెగ్గాడు. వెంటనే ఇద్దరూ పుట్ట ఎక్కి కావలించుకున్నారు.

"గెంతప్ప నాకు తమ్ముడు!" అన్నాడు కొమ్మన్న.

"కొమ్మన్న ముక్కంత గొప్ప ముక్కు ఈ అడవిలో లేదు!" అన్నాడు గెంతప్ప.

"నిన్న ఆ ముక్కు చచ్చిందన్నావు కదా నాయనా?" అని అడిగింది పొన్నమ్మ.

"అది పోటీలో అన్న మాట పిన్నీ."

"మరి ఇది ఏ మాట?"

గెంతప్ప గబగబా చెట్టెక్కేశాడు.

అసలు ఎన్నిక ముందు రోజు మెత్తనయ్య అందరినీ పిలిపించి మాట్లాడాడు. "నాకు ఎవరినీ తిట్టడం రాదు. కొమ్మన్న ముక్కు చచ్చిందని గెంతప్ప చెప్పాడు. మరి పొద్దుటి గాలి ఆయనకెందుకు? గెంతప్పవి దొంగ కూతలని కొమ్మన్న చెప్పాడు. మీ పెద్దల మాట కాదనడానికి నేనెవర్ని?" అని ఒళ్లు విరుచుకుని పడుకున్నాడు. అంతకన్నా కష్టపడలేదు. కష్టమంతా ఆ ఇద్దరూ ముందే పడిపెట్టారు కదా!

ఎన్నిక రోజు కొండముచ్చులు కొమ్మలు దిగలేదు. "ముక్కు చచ్చినవాణ్ణి గెలిపించి మేమేం చేసుకోవాలి?" అన్నాయి. అడవిపందులు "ఇద్దరూ ఇద్దరే" అని దుంపలు తవ్వుకోవడానికి పోయాయి. నక్కలు, రేచుకుక్కలు, రాబందులు ఒక్కటీ మానకుండా వచ్చి గింజలు వేశాయి. మిగిలినవాళ్ల గింజలు చాలక మెత్తనయ్య మళ్లీ పెద్ద అయ్యాడు. తప్పంతా గెంతప్పదే అన్నాడు కొమ్మన్న. కొమ్మన్నదే అన్నాడు గెంతప్ప. ఈ పనికి మాత్రం ఇద్దరికీ అలుపు లేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం దుప్పులు మడుగుకు వచ్చాయి. ఆకు కదలడం లేదు. ఉన్నట్టుండి నేరేడు చెట్టు మీంచి గెంతప్ప గొంతు చించుకుని అరిచాడు.

"చిరుత! పొదలో చిరుత! పరిగెత్తండి!"

దుప్పులు తలెత్తాయి. ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ నిలబడ్డాయి.

"పద తల్లీ, పద!" అని పొన్నమ్మ కూనను తలతో నెట్టింది.

కూన నవ్వింది. "తోక జారి ఉంటుందమ్మా. కొమ్మన్న మామయ్య చెప్పాడు కదా" అని మళ్లీ నీళ్లలో మూతి పెట్టింది.

ఆ కూత దొంగది కాదని బాగా తెలిసినవాడు ఆ మందలో ఒకడున్నాడు. తోక కథ అల్లింది వాడే. కొమ్మన్న ఒక్క దూకు దూకి, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

దుమ్ము అణిగాక దుప్పులన్నీ దూరంగా ఒక దిబ్బ మీద చేరాయి. పొన్నమ్మ కూన లేదు. కాసేపటికి కొమ్మన్న మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అత్తా, నేను..." అని నసిగాడు.

పొన్నమ్మ ఏడుస్తూనే అడిగింది. "ఆ కూత నమ్మొద్దని నా బిడ్డకు నేర్పావు కదా కొమ్మన్నా. మరి నువ్వెందుకు పరిగెత్తావు?"

నీతి: రేపు ఎవరి మాట మీద మన ప్రాణాలు నిలబడాలో, ఇవాళ్టి గెలుపు కోసం వాళ్ల మీద బురద చల్లకూడదు. పోటీ తేలాక మనం కలిసిపోవచ్చు. మన అబద్ధాన్ని నమ్మినవాళ్లకు ఆ సంగతి ఎవరు చెబుతారు?