పంక్తిలో చివరి ముద్ద

ఆ రోజు మాలకొండయ్య కాళ్ళు నేల మీద నిలవలేదు. నెల్లూరు ఆసుపత్రి నుంచి వచ్చి బస్సు దిగీ దిగగానే కాలవ గట్టు మీద సగం నడక, సగం పరుగుగా ఆశ్రమం చేరాడు. చెంచమ్మ తల్లి ముందు కూలబడి, ఆయాసం తీరకుండానే అందుకున్నాడు.

“తల్లీ, బరువు వీసమెత్తు తగ్గలేదు! డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది. ఇట్నే ఇంకో రెండు వారాలు నిలబెట్టుకుంటే గొట్టం తీసేస్తామనింది. గురుపూజకు సరిగ్గా రెండ్రోజుల ముందు! నువ్వేమంటావు తల్లీ? అప్పుడే తీయించుకోనా?”

చెంచమ్మ తల్లికి ఎనభై దాటాయి. నోట్లో ఒక్క పన్ను లేదు. ఆశ్రమం అంటే నాలుగు రేకుల షెడ్లు, ఒక వంటిల్లు, ఆమె. చాటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తున్న మనిషి, తలెత్తి శిష్యుణ్ణి తేరిపార చూసింది.

“చూద్దాంలేరా,” అంది. మళ్ళీ చింతపండు మీద పడింది.

మాలకొండయ్యకు అంత మాత్రం చాలు. వంటింట్లో ఉన్న భార్య పెంచలమ్మకు చెప్పాడు. పాలు తెచ్చినవాడికి చెప్పాడు. కాలవలో గుడ్డలుతికే ఆడవాళ్ళకు గట్టు మీద నుంచే కేకేసి చెప్పాడు. సాయంత్రానికి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

ఆ గొట్టం సంగతి ఇదీ. కిందటేడు మాలకొండయ్య గొంతులో కేన్సరు పుట్టింది. ముప్ఫై మూడు రోజులు కరెంటు, అదే రేడియేషను, పెట్టారు. గొంతంతా పుండై మంచినీళ్ళు కూడా దిగవని ముందే తెలుసు గనక, బొడ్డుకు నాలుగు వేళ్ళ పైన చిన్న చిల్లు పెట్టి, కడుపులోకి సన్నని గొట్టం దించారు. ఆసుపత్రివాళ్ళిచ్చిన పౌడరు నీళ్ళలో కలిపి సిరంజితో అందులో పొయ్యడం, అదే తిండి. ఆరు నెలలు అలా గడిచాయి. జబ్బు పోయింది. పుండ్లు మానాయి. గొట్టం మాత్రం మిగిలింది.

“మూడు వారాలు,” అని డాక్టరమ్మ లెక్క చెప్పింది. “పొద్దునా సాయంత్రం కడగడానికి నీళ్ళు తప్ప గొట్టంలో ఏమీ పొయ్యకూడదు. తిండంతా నోటితోనే. బరువు నిలబడితే తీసేస్తాను. మింగడం మానేస్తే గొంతు బిగుసుకుపోతుంది. తొందరపడి తీసేస్తే మనిషి ఎండిపోతాడు, మళ్ళీ చిల్లు పెట్టాలి. రెండో చిల్లు మొదటిదంత తేలిగ్గా ఉండదు మాలకొండయ్యా.”

మొదటి వారం గడిచింది. బరువు తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో ఒక్క మాలకొండయ్యకే తెలుసు.

ఆశ్రమంలో ఇరవై రెండేళ్ళుగా వడ్డన అతనిది. రోజూ మధ్యాహ్నం నలభై మంది పంక్తి. పంక్తి మొదట్లో చెంచమ్మ తల్లి కూర్చుంటుంది. ఆమె లేవందే ఎవరూ లేవకూడదు, ఆమె లేచాక ఎవరూ తినకూడదు. పళ్ళు లేకపోయినా ఆమె పెరుగన్నం జుర్రేసి పావుగంటలో లేస్తుంది. ఆ పావుగంటలో పప్పు, కూర, పులుసు, మజ్జిగ వరసగా పడిపోవాలి, నలభై ఆకులూ ఖాళీ కావాలి. మాలకొండయ్య బకెట్టు పట్టుకున్నాడంటే అయ్యేది కూడా. ఎవరైనా నింపాదిగా నములుతుంటే ఊరుకునేవాడు కాదు. “ఏం తాతా, ఆకు ముందర నిద్రపోయినావా? నీ ఒక్కడి కోసం ఇంతమందీ ఎండిన చేతుల్తో కూర్చోవాలా?” అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. తాత గబగబా మింగేవాడు.

ఇప్పుడు తానే పంక్తిలో కూర్చోవలసి వచ్చింది. మెత్తటి ముద్ద నోట్లో పెట్టుకోవాలి, గడ్డం గుండెకు ఆనించాలి, మింగాలి, మళ్ళీ మింగాలి, గుక్కెడు నీళ్ళు తాగాలి, గొంతు సవరించుకోవాలి. నోట్లో ఉమ్మి ఊరదు. ఒక్క ముద్దకు రెండు మూడు నిమిషాలు. పావుగంటకు ఎన్ని ముద్దలు? అందుకని రెండు గరిటెలు పెట్టించుకుని, “చాలు, చాలు” అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. అందరితో పాటు లేచేవాడు. చెయ్యి కడుక్కుని సామాన్ల గదిలోకి పోయి, ఆసుపత్రికి తిరిగి ఇచ్చేశానని చెప్పిన పౌడరు డబ్బా బియ్యం బస్తాల వెనక నుంచి తీసేవాడు. కునుకు తీస్తున్నాడని పెంచలమ్మ అనుకునేది.

ఇది మోసమని అతనికి తోచలేదు. పంక్తిని ఆపడమే పెద్ద తప్పనీ, మిగతాది గొట్టం తీసేశాక దానంతటదే సర్దుకుంటుందనీ అనుకున్నాడు. ఆశ ఉన్నవాడికి లెక్కలన్నీ కలిసొస్తాయి.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు ఉత్సాహంలో గది గడియ పెట్టడం మర్చిపోయాడు. చొక్కా పైకెత్తి, సిరంజి ఎత్తి పట్టుకుని నిలబడి ఉండగా తలుపు తోసుకుని చెంచమ్మ తల్లి వచ్చింది. ఆమెకు భోజనం కాగానే బెల్లం ముక్క పడాలి. బెల్లం ఆ గదిలోనే ఉంటుంది.

ఆమె సిరంజిని చూసింది. డబ్బాను చూసింది. బెల్లం కుండలో చెయ్యి పెట్టి ఒక ముక్క విరుచుకుంది. చిన్నదనిపించిందేమో, ఇంకో ముక్క విరుచుకుంది. వెళ్ళిపోయింది.

సాయంత్రం పిలిచి తిడుతుందని మాలకొండయ్య కాచుకుని కూర్చున్నాడు. పిలవలేదు. అది తిట్టు కన్నా కష్టంగా ఉంది.

మరుసటి రోజు పంక్తి కూర్చునే వేళకు కేక వినబడింది. “కొండయ్యా, ఇట్ట రా. నా పక్కన కూర్చో.”

కూర్చున్నాడు. వడ్డించేవాళ్ళు వచ్చారు. మాలకొండయ్య చెయ్యి అడ్డం పెట్టబోయాడు. తల్లి ఆ చెయ్యి పట్టుకుని పక్కకు పెట్టి, వడ్డించే మనిషితో, “ఆకు నిండా పెట్టు,” అంది. మెత్తగా ఉడికిన అన్నం, పప్పు, సొరకాయ కూర గుట్టగా పడ్డాయి.

పావుగంట గడిచింది. మిగతా ఆకులన్నీ ఖాళీ అయ్యాయి. మాలకొండయ్య ఆరో ముద్దలో ఉన్నాడు. తల్లి ఆకు మీద పెరుగన్నం ఒక్క ముద్ద మిగిలింది. ఆమె దాన్ని వేళ్ళతో గుండ్రంగా చేసింది. మళ్ళీ ఆకు మీదే పెట్టింది.

“చాలు తల్లీ, లే,” అన్నాడు గొంతు తగ్గించి.

“నాదింకా కాలేదురా.”

అరగంట అయింది. చేతులు ఎండిపోయాయి. పంక్తి చివర ఒకాయన దగ్గాడు. పెంచలమ్మ వంటింటి గడపలోకి వచ్చి చూసి, “ఏంది, ఎవరూ లేవరే?” అంది. అందరి కళ్ళూ తల్లి ఆకు మీద ఉన్న ముద్ద దగ్గరకు పోయి, అక్కణ్ణుంచి మాలకొండయ్య ఆకు దగ్గరకు వచ్చి ఆగాయి. అతనికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇరవై రెండేళ్ళలో ఎన్ని ముసలి గొంతుల్ని తొందరపెట్టాడో అవన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

“నాకింక దిగదు తల్లీ. వీళ్ళనెందుకు కూర్చోబెడతావు?”

“నేను కూర్చోబెట్టినా? నా ముద్ద నేను తింటా. నీది నువ్వు తిను.”

ఇంకొకటి పెట్టుకున్నాడు. గడ్డం ఆనించాడు. మింగాడు. మళ్ళీ మింగాడు. గంట దాటింది. ఎవరో తత్వం అందుకున్నారు. ఇద్దరు ముగ్గురు గొంతు కలిపారు. తాళానికి చేతులు చరుద్దామంటే ఎంగిలి చేతులు. తొడల మీద మోచేతులతో తట్టారు. అన్నం తరిగి, కింద ఆకు పచ్చగా కనబడసాగింది. ఇంక పది ముద్దలు. ఎనిమిది. పంక్తిలో చివర కూర్చున్నవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. ఎడ్ల పందెంలో కూడా అంత ఉత్కంఠ ఉండదు.

“ఇంక మూడే!” అని ఎవరో అరిచారు. “కానీ కొండయ్యా! కానీ!”

“నోళ్ళు మూసుకోండి,” అంది చెంచమ్మ తల్లి. “మింగే మనిషిని నవ్విస్తే పొలమారదా?”

చివరి ముద్ద దిగింది. గంటన్నర పట్టింది. మాలకొండయ్య కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి గొంతు మంటవా, ఇంకెందుకన్నా వచ్చినవా అని ఎవరూ అడగలేదు. తల్లి తన ముద్ద నోట్లో వేసుకుంది, లేచింది. నలభై మందీ అమ్మయ్య అనుకుంటూ లేచారు. ఆమె సామాన్ల గదిలోకి పోయింది, బెల్లం ముక్కతో బయటికి వచ్చింది. డబ్బా జోలికి పోలేదు.

వారం తిరగ్గానే ఆ డబ్బాను మాలకొండయ్యే తీసుకుపోయి ఆసుపత్రిలో బల్ల మీద పెట్టాడు. తక్కెడ ఎక్కాడు. కిలోన్నర తగ్గాడు. “పోయిన వారం చెప్పిందంతా అబద్ధం డాక్టరమ్మా,” అన్నాడు. ఆమె కోప్పడలేదు. కార్డు మీద రాసినదంతా కొట్టేసి, మూడు వారాల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది.

గురుపూజ వచ్చింది, పోయింది. గొట్టం చొక్కా కిందే ఉండిపోయింది. ఆ రోజు మొదటి పంక్తికే గంటా పదిహేను నిమిషాలు పట్టింది. “పులుసు మూడుసార్లు వెచ్చబెట్టినా, ఇంక నా వల్ల కాదు,” అని పెంచలమ్మ గరిటె విసిరేసింది. ఆ తర్వాత తానే నాలుగోసారి వెచ్చబెట్టింది.

రోజూ అదే వరస. తల్లి ఆకు మీద ఒక్క ముద్ద ఆగేది. జనం అలవాటు పడ్డారు. ఎలాగూ కూర్చోవాలి గదా అని ఆదరాబాదరాగా తినడం మానేశారు. వంకాయ కూరలో ఉప్పు తగ్గిందని కనిపెట్టడం మొదలెట్టారు. పెంచలమ్మకు అదొక కొత్త తలనొప్పి.

గంటన్నర గంటంపావు అయింది. గంట అయింది. నలభై నిమిషాలు అయింది. తక్కెడ ముల్లు దిగడం మానేసింది. రెండు వారాలు అక్కడే నిలబడింది. మూడో శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి రమ్మని, ఆ రోజు కూడా బరువు నిలబడితే గొట్టం తీసేస్తామని ఆసుపత్రివాళ్ళు కాయితం మీద రాసిచ్చారు. మాలకొండయ్య ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

ఆ శుక్రవారం గోంగూర పప్పు. అతని కోసం మిరపకాయలు వెయ్యకుండా పెంచలమ్మ విడిగా తీసి ఉంచింది. మాలకొండయ్య మొదటి ముద్ద మింగి ఆగిపోయాడు. రెండోది పెట్టుకున్నాడు. ఒక్కసారిగా కేకేశాడు.

“పెంచలా! పుల్లగా ఉందే!”

“గోంగూర పుల్లగా ఉండక తియ్యగా ఉంటదా?”

“కాదే పిచ్చిదానా! నాకు తెలస్తా ఉంది! పులుపు తెలస్తా ఉంది!”

కరెంటు పెట్టిన నాటి నుంచి ఏది తిన్నా తడి మట్టి తిన్నట్టే ఉండేది. పెంచలమ్మ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. పంక్తి పంక్తంతా గోల. మాలకొండయ్య ఇంకొంచెం వేయించుకున్నాడు. అది మింగి ఇంకొంచెం అన్నాడు. పక్క ఆకు మీద మామూలు పప్పు చూసి, అది కూడా ఒక చుక్క కావాలన్నాడు. తింటూనే వడ్డించేవాళ్ళకు పాఠాలు మొదలెట్టాడు. “ఒరే, గరిటె అట్టా ఆకు మీద గుమ్మరించగూడదు. మనిషి మొహం చూసి వెయ్యాల. ఆ చివర పెద్దాయనకు తొందర పెట్టొద్దు, మెల్లిగా తిననీ.” నవ్వించొద్దని తల్లి రెండుసార్లు కసిరింది. ఎవరూ వినలేదు. అంతా అయ్యి మజ్జిగలోకి వచ్చేసరికి మూడు దాటింది.

అప్పుడు వంటింట్లో ఫోను మోగింది. పెంచలమ్మ తెచ్చి అతని చెవి దగ్గర పెట్టింది.

“మాలకొండయ్యగారా? రెండింటికి రమ్మన్నాం గదండీ, ఏమైపోయారు? డాక్టరమ్మ ఐదింటి దాకే ఉంటారు,” అంది అవతల నర్సు.

మాలకొండయ్య నోట్లోది జాగ్రత్తగా మింగాడు. ఎడమ చేత్తో జేబు తడుముకున్నాడు. కాయితం అక్కడే ఉంది. ఎంగిలి చెయ్యి అని కూడా చూసుకోకుండా నెత్తి కొట్టుకున్నాడు.

“తల్లీ! మర్చిపోయినా! గొట్టం ఉండాదన్న సంగతే మర్చిపోయినా! ఇన్నాళ్ళు దీని కోసమే గదా చూస్తి... ఇప్పుడెట్ట తల్లీ?”

చెంచమ్మ తల్లి బోసినోటితో అతని వంక చూసింది.

“ఇప్పుడు పోరా,” అంది. “తీయించుకో.”