సముద్రపు పువ్వు ఎందుకు ముడుచుకుంటుంది

ఒకప్పుడు సముద్రపు పువ్వుకి ముడుచుకోవడమే తెలీదు. పువ్వంటే మొక్కకి పూసేది కాదు, అదీ ఒక ప్రాణే. ఒడ్డున రాళ్ళ మధ్య నీళ్ళగుంటలో, బండని అంటిపెట్టుకుని ఉంటుంది. రేకుల్లాంటి ఎర్రటి చేతులు చాపుకుని, నీళ్ళు వచ్చినా పోయినా విచ్చుకునే ఉండేది.

దానికి కళ్ళు లేవు. ఎవరు తాకినా చుట్టాలే అనుకుని, "రండి రండి" అంటూ ఇంకాస్త విచ్చుకునేది. ఆ గుంటలో మర్యాదంటే అదే.

ఒకరోజు పక్కింటి రొయ్యమ్మ వచ్చింది. "ఒదినా, నీళ్ళు తీసేస్తన్నాయి. వాటెంట మేతకెళ్ళొస్తాను. మా నూకాల్ని చూస్తుండు."

"చూడ్డానికి నాకు కళ్ళెక్కడివి ఒదినా? పట్టుకుంటాలే," అంది పువ్వు. పిల్లరొయ్యని చేతుల మధ్య కూర్చోబెట్టుకుంది.

నీళ్ళు వెనక్కి పోయాయి. గుంటలో జానెడు మిగిలాయి. ఎండకి అవీ కాగుతున్నాయి.

"అమ్మ ఇంకా రాలేదేంటత్తా?" నూకాలు ఊరికే అడుగుతోంది. "వస్తదమ్మా" అంటోంది గానీ పువ్వుకీ బెంగగానే ఉంది.

ఇంతలో పీత పరుగున వచ్చింది. "కొంగ దిగింది. దాక్కోండి," అని చెప్పి తను బండ కిందికి దూరిపోయింది. పువ్వు ఎక్కడికని పోతుంది? కదిలి పారిపోయే కాళ్ళు దానికి లేవాయె.

అంతలో చేతి మీద ఏదో మెత్తగా తగిలింది. పాడు అలవాటు ఊరుకుంటుందా? "రండి" అని విచ్చుకుంది. కొంగ ముక్కు సూటిగా లోపలికి దిగింది. నూకాలు కెవ్వుమంది. దాని మీసం ఒకటి తెగిపోయింది.

పువ్వు తన చేతులన్నీ లోపలికి లాక్కుంది, పిల్లతో సహా. నోరు బిగించి ఎర్రటి ముద్దలా బండకి అతుక్కుపోయింది.

కొంగ పొడిచింది. మళ్ళీ పొడిచింది. ఆ తర్వాత ఏ అలికిడీ లేదు. వెళ్ళిపోయిందో, పక్కనే పొంచి ఉందో తెలీలేదు. లోపల నూకాలు వణుకుతోంది.

చాలాసేపటికి మళ్ళీ ఏదో మెత్తగా తాకింది. ఇందాక కూడా ఇలాగే కదా తాకింది అనుకుని పువ్వు ఇంకా బిగుసుకుంది.

ఈసారి తాకింది రొయ్యమ్మే. మొదటి అల వెంట తిరిగొచ్చింది. "ఒదినా, నేనే. నా పిల్లేదీ?" అంది. అంత బిగుసుకున్నాక పువ్వుకి మాట ఎలా వినబడుతుంది? రొయ్యమ్మ ముద్ద చుట్టూ తిరిగింది. పిల్ల ఎక్కడా కనిపించలేదు. "మింగేశావా? నమ్మి అప్పజెప్పాను గదే నీకు," అని ఏడ్చింది.

పోటు పెరిగింది. చల్లటి నీళ్ళు గుంట నిండి పైకి పొంగాయి. ఇంత లోతులో కొంగ నిలబడలేదని పువ్వుకి ధైర్యం వచ్చింది. ఒక్కొక్క చెయ్యే మెల్లగా బయటికి చాపింది. మధ్యలోంచి నూకాలు ఒంటి మీసంతో ఈదుకుంటూ వచ్చి తల్లిని కరుచుకుంది.

"నువ్వే మింగేశావని ఎంత మాటనేశాను ఒదినా," అంది రొయ్యమ్మ.

"పోనీలే. ఒక మాట చెప్తాను, నువ్వూ నొచ్చుకోకు. ఇక మీదట నువ్వు తాకినా ముడుచుకుంటాను," అంది పువ్వు.

అప్పటినుంచే నీళ్ళు తీసినప్పుడల్లా సముద్రపు పువ్వు ముద్దలా ముడుచుకుని కూర్చుంటుంది. నీళ్ళున్నప్పుడైనా సరే, మీ చిటికెన వేలు తగిలితే చాలు, ముడుచుకుపోతుంది. మీరు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు కాదని దానికి ఎవరు చెప్పాలి?