నాన్న తోక పట్టుకుని పట్నం చూసిన రేగి

అనగనగా ఒక అడవి. అందులో పులి లేదు, సింహం లేదు. ఉన్నా ఈ కథలో వాటికి పని లేదు. ఆ అడవిలో ఒక పాత పుట్ట కింద ముంగిసల కుటుంబం ఉండేది. నాన్న పేరు ఉరుకయ్య. అమ్మ పేరు పుట్టమ్మ. వాళ్ళ కూతురు రేగి. రేగిపండులా ఎర్రటి ముక్కు దానిది, అందుకే ఆ పేరు. చూస్తే జానెడు లేదు కానీ, ప్రశ్నలు మాత్రం బారెడు.

రోజూ పొద్దెక్కే వేళకి చాలా దూరం నుంచి "కూ..." అని ఒక కేక వినిపించేది. వెంటనే రేగి వెనక కాళ్ళ మీద లేచి నిలబడేది. తనూ "కూ..." అని జవాబిచ్చేది.

"నాన్నా, ఎవరది?" అని అడిగింది ఒకరోజు.

"రైలు తల్లీ. పట్నంలో ఏటి వంతెన మీదుగా పోతుంది. రోజుకి ఒక్కసారే."

"నేను పిలిచేది దానికి వినిపిస్తుందా?"

"పట్నం తీసుకెళ్తాలే, నువ్వే అడుగుదువుగాని" అన్నాడు ఉరుకయ్య. పిల్లలూ, మీ నాన్నగారు కూడా ఇలాగే అంటూ ఉంటారు కదూ! కానీ పిల్లలు అలాంటి మాట మర్చిపోరు. ఆ రోజు నుంచి రేగికి ఒకటే కోరిక. రైలుని చూడాలి. అడగాలి.

వానలు వెనకబట్టాక ఉరుకయ్య ప్రయాణం కట్టాడు. పెళ్ళికి ముందు అతను ఒక్కడే పట్నం వెళ్ళి, ఒక్క పూటలో తొమ్మిది వింతలు చూసొచ్చాడు. ఆ గొప్ప అడవిలో ప్రతి చెట్టుకీ చెప్పుకున్నాడు. ఇప్పుడు తొమ్మిది గులకరాళ్ళు ఏరి, పుట్ట ముందు వరసగా పేర్చాడు. వింతకి ఒక రాయి. ఊరు చూసొచ్చినవాళ్ళు ఆ రాళ్ళని ముళ్ళపంది తాత ముందు ఒక్కొక్కటే పెట్టి, ఒక్కో వింత గురించీ అందరికీ చెప్పాలి. అది ఆ అడవి ఆనవాయితీ.

"తొమ్మిదీ పెడతాను చూడు. తాత ముళ్ళు నిక్కబొడుచుకోవాలి!" అన్నాడు ఉరుకయ్య.

పుట్టమ్మ రాళ్ళ వంక చూసింది, పిల్ల వంక చూసింది. "ఏమండీ, ఈ లెక్క మీ కాళ్ళతో వేశారు. మీరు ఒక్క దూకు దూకితే దానికి ఆరడుగులు. ఇంతకీ రైలు ఎన్నోది?"

"తొమ్మిదోది. దాని కూత ఇక్కడికే వినిపిస్తోంది కదా, దానికేం తొందర?"

పుట్టమ్మ ఎండు మిడతలు మూట కట్టింది. నాలుగు ఎక్కువే కట్టింది. రాళ్ళనీ అందులోనే వేసింది. ప్రయాణమంటే నేనూ జంతికలు ఎక్కువే కడతాను, మీకు తెలుసు.

అడవి పక్క రోడ్డు మీద వారానికి ఒకసారి గడ్డి లారీ పట్నం వెళ్తుంది. మర్నాడు మధ్యాహ్నం ఖాళీగా తిరిగొస్తుంది. డ్రైవరు టీ తాగడానికి ఆగినప్పుడు ముగ్గురూ గడ్డిలోకి దూరారు. లారీ కదిలింది. రెండో మలుపులోనే రేగి నాన్న వీపు మీద కక్కుకుంది. మూడో మలుపుకి తేరుకుని గడ్డిలోంచి తల బయటికి పెట్టింది.

"అమ్మా, చెట్లన్నీ వెనక్కి పరిగెడుతున్నాయి! మన పుట్ట దగ్గరికేనా?"

పట్నం వచ్చేసింది. పుట్ట మీద పుట్ట, దాని మీద ఇంకో పుట్ట పెట్టినట్టు మేడలు. వాటి నిండా మెరిసే కిటికీలు.

ముంగిసలు కొత్తచోట తోకపట్టుతో నడుస్తాయి. ముందు నాన్న. నాన్న తోక కొస నోట కరుచుకుని పిల్ల. వెనక అమ్మ. వరస తెగకూడదు. అలా గోడల నీడన బయల్దేరారు.

మొదట ఒక పార్కు వచ్చింది. దాని మధ్యలో నీళ్ళు కింది నుంచి పైకి చిమ్ముతున్నాయి. ఎండకి అందులో చిన్న ఇంద్రధనుస్సు.

"అబ్బా!" అంది రేగి. నోరు తెరిచింది కదా, తోక జారిపోయింది. ఉరుకయ్య పది దూకులు ముందుకెళ్ళి, వెనక్కి తిరిగొచ్చాడు.

"తోక ఎందుకు వదిలావు?"

"వాన తిరగబడింది నాన్నా!"

"చూశాంగా, పద. ఒకటి అయింది."

తర్వాత నాలుగు రోడ్ల కూడలి. ఒక చిన్న ఎర్ర దీపం వెలిగింది. ఏనుగులంత బస్సులు కూడా ఠక్కున ఆగిపోయాయి.

"అబ్బా!" అంది రేగి. మళ్ళీ తోక జారింది.

"పద పద, రెండు."

తర్వాత గడియార స్తంభం. తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తు. పైనుంచి "ఠంగ్!" మని గంట కొట్టింది. ఆ మోత రేగి పొట్టలోకి దిగి అక్కడే మోగింది.

"అబ్బా!"

ఈసారి ఉరుకయ్యకి చిర్రెత్తుకొచ్చింది. "ఇంకోసారి నోరు తెరిచావంటే రైలూ లేదు, ఏమీ లేదు. పళ్ళు బిగించి పట్టుకో!"

రేగి పళ్ళు బిగించింది. నాన్న పరిగెత్తాడు. పిల్ల ఆరడుగులకి ఆరడుగులు కలిపి వెంట పరిగెత్తింది. నాలుగో వింత పూల బజారు. మనిషెత్తున బంతిపూల రాశులు. వాటి పక్క నుంచి వాళ్ళు గాలిలా వెళ్ళిపోయారు.

పొద్దు వాలుతుంటే ఒక ఎండిన తూములో చేరారు. ఉరుకయ్య ఉత్సాహంగా, "చెప్పు తల్లీ, ఆ నాలుగోది ఎలా ఉంది?" అన్నాడు.

తోక కరుచుకునే రేగి ఏదో గొణిగింది. తర్వాత తోక వదిలి చెప్పింది. "మెత్తగా ఉంది నాన్నా."

"పూల రాశి మెత్తగా ఉందా? నువ్వెక్కడ ముట్టుకున్నావే?"

"పూలెక్కడున్నాయి? నేను చూసింది నీ తోకేగా."

అందులో ఎత్తిపొడుపు లేదు, అలక లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెప్పి, ఎందుకైనా మంచిదని తోక మళ్ళీ నోట కరుచుకుని నిద్రపోయింది. వదిలితే రైలు ఉండదు కదా!

ఉరుకయ్య మెడ తిప్పి చూశాడు. తోక కొస తడిసి పీచులా అయింది. పిల్ల పాదాలు కమిలిపోయాయి. తోక వెనక్కి లాక్కోలేదు. కదలకుండా అలాగే పడుకున్నాడు.

తెల్లవారింది. నిన్నటి వింతల రాళ్ళు నాలుగూ పక్కన పెడితే, మూటలో ఐదు రాళ్ళు మిగిలాయి. మిగతా నాలుగు వింతలూ చూస్తే రైలు వెళ్ళిపోతుంది. రైలు కోసం వెళ్తే ఆ నాలుగూ పోతాయి, మధ్యాహ్నానికి లారీ బయల్దేరుతుంది.

"తొమ్మిదని చెప్పాను పుట్టమ్మా. అడవంతా నవ్వుతుంది" అన్నాడు ఉరుకయ్య మెల్లగా.

"అడవి నవ్వితే ఒక్కరోజు నవ్వుతుందండీ. మన పిల్ల రోజూ కూ అంటుంది."

ఉరుకయ్య నాలుగు రాళ్ళని తూములోకి దొర్లించేశాడు. ఒక్కటి ఉంచాడు.

"రేగీ, ఇవాళ నువ్వు ముందు నడు. నీ తోక నేను పట్టుకుంటాను."

ముంగిసల్లో అలా ఎవరూ నడవలేదు. రేగి నమ్మలేనట్టు చూసింది. "నాకు దారి తెలీదుగా?"

"తెలిసినవాళ్ళని అడుగు."

గోడ మీద ఒక పావురం కూర్చుని ఉంది. "పావురమ్మత్తా, రైలు వంతెన ఎటు?" అని అడిగింది రేగి.

"ఏటి వాసన ఎటొస్తే అటు పో అమ్మా" అంది పావురం.

ఉరుకయ్య కూతురి చిట్టి తోకని నోట పట్టుకున్నాడు. నోట్లో తోక ఉంది కదా, "పద పద" అనడానికి లేదు. రేగి మంగలి దుకాణం అద్దం ముందు ఆగింది. అందులో ఇంకో రేగిని చూసి ముక్కు ఆడించింది. తర్వాత పెనం మీద చుయ్యిమంటున్న దోసె దగ్గర ఆగింది. ఉరుకయ్య "ఊ... ఊ..." అన్నాడు. ఎండ ఎక్కుతోంది, రైలు పోతుందేమోనని అతని ప్రాణం విలవిల్లాడుతోంది. కానీ నోరు మూతపడి ఊరికే నిలబడితే, అతనికీ కనిపించడం మొదలైంది. దోసె అంచు ఎర్రబడుతూ పైకి లేవడం. పాత గోడ పగుల్లో ఎవరూ వేయని ఒక పువ్వు. పెళ్ళికి ముందు ఇదే సందులో పరిగెత్తాడు. ఇవేవీ లేవనుకున్నాడు.

అప్పుడు దూరం నుంచి వినిపించింది. "కూ..."

రేగి చెవులు నిక్కాయి. "నాన్నా, వచ్చేస్తోంది!" అని పరుగందుకుంది. నిన్నటి ఆరడుగుల లెక్క ఏమైందో ఏమో, ఆ తోక పట్టుకుని పరిగెత్తలేక ఉరుకయ్యే ఆయాసపడ్డాడు. ముగ్గురూ వంతెన పక్క గట్టెక్కేసరికి పట్టాలు సన్నగా పాడుతున్నాయి. గట్టు మీది గులకరాళ్ళు వాటంతటవే వణుకుతున్నాయి.

వచ్చింది.

ముందు గాలి వచ్చింది. ఆ వెనక నేలంతా ఊగిపోయింది. ఆకాశంలో సగం మూసేస్తూ రైలు వంతెన మీదికి దూసుకొచ్చింది. ఒక పెట్టె, ఇంకో పెట్టె, ఇంకో పెట్టె. అడవిలో ఉన్న చెట్లన్నీ వరస కట్టి నడిచినా అంత పొడుగు ఉండదు. ప్రతి కిటికీలో ఒక మొహం. కింద ఏట్లో తలకిందులుగా ఇంకో రైలు. ముంగిసలు చాలా చిన్నవి, ఆ గట్టు మీద మరీ చిన్నవైపోయాయి. అయినా రేగికి భయం వేయలేదు. కళ్ళనిండా నీళ్ళు నిండాయి. తను రోజూ పిలిచింది ఇంత పెద్దదాన్నా!

ఆఖరి పెట్టె దాటిపోతుంటే గుర్తొచ్చింది. వెనక కాళ్ళ మీద లేచి, ఉన్న బలమంతా పెట్టి అంది.

"కూ...!"

ఏటి అవతల నుంచి జవాబొచ్చింది. "కూ..."

అది రోజూ అక్కడే కూస్తుందో, రేగికే జవాబిచ్చిందో నేను చెప్పలేను. రేగికి మాత్రం అనుమానమే లేదు.

"నాన్నా! విందా? అది విం..." అని తిరిగి చూసి, రేగి కిలకిలా నవ్వేసింది. "నాన్నా, నువ్వు తోక వదిలేశావు!"

ఉరుకయ్య నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా గగుర్పొడిచి రోమాలన్నీ లేచి ఉన్నాయి. "అబ్బా!" అన్నాడు. అంతే అనగలిగాడు.

అడవికి తిరిగొచ్చారు. సాయంత్రం అందరూ పోగయ్యారు. ఉరుకయ్య ముళ్ళపంది తాత ముందు ఒకే ఒక్క రాయి పెట్టాడు.

"తొమ్మిదన్నావు కదరా?" అన్నాడు తాత. అడవంతా గొల్లుమంది.

"ఇంకో నాలుగింటి పక్క నుంచి పరిగెత్తాను తాతా. వాటి గురించి అడిగితే చెప్పలేను. చూసింది ఇదొక్కటే. ఇది కూడా నాకు రేగి చూపించింది, అదే చెబుతుంది."

రేగి చెప్పింది. పట్టాలు పాడడం దగ్గర మొదలుపెట్టింది. నవ్వేవాళ్ళు నవ్వడం మర్చిపోయారు. ఏటి అవతల నుంచి జవాబొచ్చిన చోటికి వచ్చేసరికి ముళ్ళపంది తాత ముళ్ళు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి.

మర్నాడు పొద్దెక్కాక దూరం నుంచి కేక వినిపించింది. పుట్ట మీద రేగి వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. దాని పక్కనే, తోక కొస ఇంకా పీచులాగే ఉన్న ఉరుకయ్య కూడా లేచి నిలబడ్డాడు.

"కూ..." అన్నారు ఇద్దరూ.

నీతి: పసివాళ్ళతో ప్రయాణం కట్టినప్పుడు దారిని వాళ్ళ అడుగుతో కొలవాలి. అప్పుడే వాళ్ళూ చూస్తారు, మనమూ చూస్తాం.