పందికొక్కు వైద్యం

వనజమ్మ ఇంటి వెనక వరండాలో ఇనుప వల కొట్టిన గూడు ఒకటి ఉంది. అందులో మొగలి, గవ్వ అనే అక్కచెల్లెళ్ల కాపురం. జాతికి గినీపందులు. పేరుకు పందులే గాని బురద ఎరగరు. బొద్దుగా, తోక లేకుండా, పొద్దస్తమానం ఎండుగడ్డి నములుతూ ఉంటారు. వరండా పక్కన గుంజకు కట్టేసిన ముసలి మేకపోతు చలమయ్య వాళ్లకు తాత వరస.

ఒక మధ్యాహ్నం వనజమ్మ కునుకు తీస్తుండగా, కలుగులోంచి గుండప్ప అనే పందికొక్కు వచ్చి గూటి ముందు చతికిలబడ్డాడు. లోపలి కీరా ముక్కలూ కొత్తిమీరా చూడగానే నోరూరింది.

"మీరు పందులు, నేను పందికొక్కుని. ఎక్కడో చుట్టరికం కలుస్తుంది. అందుకే అడుగుతున్నా. ఆ మూల తెల్లగా ఎండిన మరక ఎవరిది?"

"నాదే," అంది మొగలి సిగ్గుపడుతూ. "ఉచ్చ పోసినప్పుడు మజ్జిగ తేటలా ఉంటుంది. ఆరితే సున్నం చల్లినట్టు అవుతుంది. ఎప్పుడూ అంతే."

"సున్నం కాదు తల్లీ, నీ ఎముకలు. కరిగి పోతున్నాయి."

మొగలి వల దగ్గరికి జరిగింది. "మరి ఏం చెయ్యాలి?"

"నీళ్లు మానెయ్. తాగకపోతే పొయ్యవు, పొయ్యకపోతే కరగవు. ఈ పచ్చి సరుకు కూడా మీ ఒంటికి పడదు. ఇటు తోసెయ్యండి, దూరంగా పారేసి వస్తాను."

పారేశాడు, తన పొట్టలో. ఆనాటి నుంచి రోజూ అదే వైద్యం. గవ్వ మాత్రం దాహం ఆపుకోలేక అక్క చూడకుండా నీళ్లు తాగేది. మొగలి భయస్తురాలు. నీళ్ల సీసా వైపు కూడా చూసేది కాదు.

కొన్నాళ్లకు మొగలి ఒళ్లు ముడుచుకుని మూల పట్టింది. పోసేటప్పుడల్లా కీచుమనేది. వచ్చేది చుక్క చుక్కగా, ఎర్రగా. గవ్వ కంగారుపడి వైద్యుణ్ణి అడిగింది.

"ఎరుపా? శుభం," అన్నాడు గుండప్ప, నోట్లో కీరా మింగకుండానే. "రక్తం పట్టిందన్నమాట. ఊరికే అరవకండి. వనజమ్మ వచ్చిందంటే నాకు బోను... అదే, మీకు చేదు మందు పెడుతుంది."

అతను వెళ్లాక గవ్వ వల దగ్గరికి జరిగి చలమయ్యను పిలిచి సంగతంతా చెప్పింది. మేకపోతు గడ్డం ఆడించడం ఆపాడు.

"మీ అక్క బీట్‌రూట్ తిందా?"

"ఆకు ముట్టి ఎన్నాళ్లయిందో, తాతా."

"తింటే ఎర్రగా వచ్చినా బెంగలేదు. తెల్లగా ఎండడం మీ జాతికి మామూలే. మిమ్మల్ని తెచ్చినరోజు పశువుల డాక్టరు ఇక్కడే నిలబడి వనజమ్మకు చెప్పాడు. కానీ ఏడుస్తూ పోసినా, చుక్కలుగా పడినా, ఎర్రటిదేమీ తినకుండానే ఎరుపు కనిపించినా అది జబ్బే."

"గుండప్ప మావయ్య మంచిదన్నాడే?"

"తవుడు మరిగి నీళ్లు మరిచి, ఒక ఎండాకాలం నాకూ ఉచ్చ దారిలో రాయి అడ్డం పడింది. ఆ నొప్పి నాకు తెలుసు. మావయ్య మాట పక్కన పెట్టి నీ గొంతు పైకెత్తు."

గవ్వ ఎత్తింది. ఇల్లు మారుమోగింది. ఆకలేమో అనుకుని వనజమ్మ ఆకుకూర పట్టుకొచ్చింది. గూట్లో పరిచిన గుడ్డ మీది ఎర్రటి చుక్కలు చూసి ఆకుకూర అక్కడే పడేసి, మొగలిని బుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

గవ్వ అంతవరకు ఒంటరిగా ఉండి ఎరగదు. ఎదురుగా ఆకులున్నా ముట్టలేదు. సాయంత్రం వీధి తలుపు చప్పుడైంది. బుట్టలోంచి అక్క ముక్కు బయటికి కనబడ్డాక గాని అది కదల్లేదు.

"ఉచ్చ తిత్తిలో ఇసుక పేరుకుందట," అంది మొగలి నీరసంగా. "మందు తాగించారు. నీళ్లు బాగా తాగాలట, ఎండుగడ్డి బాగా తినాలట." అంటూనే సీసాకి మూతి తగిలించి వదల్లేదు.

మొగలి కోలుకుందని తెలిసి గుండప్ప మళ్లీ దిగబడ్డాడు. వస్తూనే అలవాటుగా వరండా గచ్చు మీద ఓ చోట తడిపి, గూటి ముందు కూర్చున్నాడు.

"చూశారా నా వైద్యం? ఏదీ, నా కీరా?"

"ఇస్తాం మావయ్యా," అంది గవ్వ. "ముందు ఆ గచ్చు మీది తడి చూసి, పోసినవాళ్ల సంగతి చెప్పండి."

గుండప్ప చూపు కీరా మీది నుంచి తిప్పలేదు. "చూసేదేముంది? ముదిరిన రోగం. పచ్చి సరుకు వాసన కూడా తగలకూడదు. గింజ ముట్టకూడదు. ఉపవాసమే మందు."

"గట్టిగా చెబుతున్నారా?"

"నా మాటకు తిరుగులేదు."

"ఆ తడి తమరిదే మావయ్యా," అంది గవ్వ. "నేను చూస్తుండగానే పోశారు. పాపం, ఇవాళ్టి నుంచి ఉపవాసం కదా, కీరా మేమే తింటాం."

చలమయ్య నవ్వుకు గుంజ ఊగింది. అక్కచెల్లెళ్లు కీరా చెరోవైపు పట్టుకుని కరకరలాడించారు. గుండప్ప మీసాలు వేలాడేసుకుని, ఖాళీ పొట్టతో కలుగు దారి పట్టాడు.

మన మేలు కోరేవాడు అడిగి, చూసి చెబుతాడు. తన పొట్ట చూసుకునేవాడు చూడకుండానే చెబుతాడు.