ముసలి పాతర, పడుచు పన్ను

ఏ కాలమని అడిగితే నేను చెప్పలేను గానీ, ఒకానొక రాజ్యంలో పాతరల మీద పన్నుండేది. రైతు తన ముసలితనానికని జొన్నలు నేలలో పాతరేసుకుంటే, వేసేటప్పుడు ఎవరూ అడిగేవారు కాదు. తీసేటప్పుడు మాత్రం ఆరో వంతు చక్రవర్తికి పోవాలి. దేశమంతటికీ అదే శాసనం. ఆ పైన ఏ సామంతరాజు తన సీమలో ఎంత గుంజుకుంటాడన్నది ఆయన ఇష్టం.

మన సామంతుడు గజసింహరాజు. ముసలివాళ్ళ పాతర మీద మాకు పన్ను వద్దని ఆయన తండ్రి కోట గుమ్మం పక్కన రాతి మీద చెక్కించి పోయాడు. ఆ తండ్రి లెక్కలేనన్ని యుద్ధాలు గెలిచి, బారెడు బిరుదులు సంపాదించినవాడు. కొడుకు ఆ బిరుదులన్నీ తగిలించుకుని, రోజూ కొలువుకొచ్చే ముందు భట్రాజు చేత గొంతెత్తి చదివించుకునేవాడు. ఒక్కటి తగ్గినా ఆ పూట అన్నం సహించేది కాదు మహానుభావుడికి.

ఇలా ఉండగా ఓబన్న అనే రైతుకు భూమ్మీద నూకలు చెల్లాయి. పాతరలో జొన్నలు మాత్రం చెల్లలేదు. పాపం, మూత తీయకుండానే పోయాడు. అవి కూతురు గురవమ్మకు వచ్చాయి. ఆ ఏడు వానల్లేవు. మళ్ళీ పంట చేతికొచ్చేదాకా ఆమెకూ పిల్లలకూ ఆ గింజలే దిక్కు. చక్రవర్తి ఆరో వంతు నోరెత్తకుండా కొలిచి ఇచ్చేసింది. అంతలో గజసింహరాజు భటులొచ్చి మిగిలినదాంట్లో సగం తమదన్నారు. గురవమ్మ కొలువుకు పరిగెత్తింది.

“ప్రభూ, అది మా నాయన ముసలితనానికని దాచుకున్న గింజ. రాతి మీద మాట ఉంది కదా,” అంది.

రాజు మీసం దువ్వాడు. “ఆ మాట ముసలివాళ్ళకు. నువ్వు ముసలిదానివా? నల్లటి జుట్టు, గట్టి పళ్ళు. వారసత్వంగా వచ్చింది వారసుణ్ణి బట్టే ఉంటుంది గానీ ఇచ్చినవాణ్ణి బట్టి ఉండదు. రేపు కుంచం తెచ్చి సగం కొలువు.”

గురవమ్మ గడప దగ్గరే కూలబడి ఏడ్చింది. కొలువులో విదూషకుడు తిప్పాభట్టుకు ఆ ఏడుపు చూసి జాలేసింది. కానీ రాజుతో ఎదురు వాదిస్తే మెడ మీద తల ఉండదు. అందుకని నేరుగా భట్రాజు ఇంటికి వెళ్ళాడు.

“రాజుగారి తీర్పు విన్నావు కదా. రేపు దాన్ని మీరి చదివావో, నీ పని అయిపోయినట్టే,” అన్నాడు.

మర్నాడు గురవమ్మ కుంచం పట్టుకుని కొలువులో ఓ పక్కన నిలబడింది. రాజు ఠీవిగా గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించాడు. భట్రాజు గొంతెత్తాడు. “నిరుటి గారెల పందెంలో నెగ్గినవారు, అడవిపందిని చూసి చెట్టెక్కినవారు, శ్రీ గజసింహరాజుగారు వేంచేస్తున్నారహో.”

కొలువంతా నోటికి ఉత్తరీయాలు అడ్డం పెట్టుకుంది.

రాజు ముఖం కందగడ్డ అయింది. “శతసమర విజేత ఏడీ? శత్రుగజ కేసరి ఏడీ?”

“కైలాసంలో ఉన్నారు ప్రభూ,” అన్నాడు తిప్పాభట్టు చేతులు కట్టుకుని. “ఆ బిరుదులు తమ తండ్రిగారి పాతరలోవి. వారసత్వంగా వచ్చింది వారసుణ్ణి బట్టే ఉంటుందని తమరు సెలవిచ్చారాయె. భట్రాజు పాపం తమరిలో వెతికి, దొరికినవి చదివాడు.”

రాజు కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. ఆ కత్తీ తండ్రిదేనని గుర్తొచ్చినట్టుంది, చెయ్యి తీసేశాడు. తీసేసి, బొజ్జ కదిలేలా పకపకా నవ్వాడు.

“ఓరి తిప్పా, గింజలు వదలమంటావా, బిరుదులు వదలమంటావా?”

“తమ చిత్తం ప్రభూ. రెంటికీ కుంచం మాత్రం ఒకటే.”

“అయితే ఓబన్న గింజకు ఓబన్న వయసే. పో అమ్మా, నాకు ఒక్క గింజ వద్దు.”

గురవమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని ఖాళీ కుంచంతో ఇంటిదారి పట్టింది. భట్రాజు బిరుదులన్నీ మొదటినుంచి మళ్ళీ చదివాడు.

రాజు తిప్పాభట్టుకు గంపెడు అరిసెలు ఇప్పించి, “దాచుకో, ముసలితనానికి పనికొస్తాయి,” అన్నాడు.

భట్టు అక్కడే చతికిలబడి ఒకటి నోట్లో వేసుకున్నాడు. “ఎందుకొచ్చిన గొడవ ప్రభూ. దాస్తే చక్రవర్తికి ఆరో వంతు, తింటే అంతా నాదే.”