బిందెడు నీళ్ళు తాగిన గడప

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక ఇల్లు, ఆ ఇంటికో మూలిగే వీధి తలుపు. తీస్తే కుయ్యి, వేస్తే కయ్యి. సగంలో గడపకి పట్టేసి ఇక కదలనంటుంది. ఊఁ కొడుతున్నారా, గోడకి చెబుతున్నానా?

ఆ ఇంటి అత్తగారు సుబ్బాయమ్మ నిష్ఠ గల మనిషి. రోజూ పొద్దున్నే గడప మీద బిందెడు నీళ్ళు దిమ్మరించి, దట్టంగా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టేది. ఇంత లక్షణమైన గడప ఉండగా తలుపెందుకు మూలుగుతుందీ? కొత్త కోడలు నాంచారి వెంట దెయ్యం వచ్చిందని తేల్చేసింది. శుక్రవారంలోగా మూలుగు ఆగకపోతే పిల్లని పుట్టింటికి పంపేస్తానంది. మొగుడు పేరయ్య అమ్మ మాటకీ ఔనన్నాడు, పెళ్ళాం ఏడుపుకీ ఔనన్నాడు. తలుపు మూలిగినా ఔననే రకం.

మంత్రగాడొచ్చాడు. దెయ్యాన్ని కట్టేస్తానని ద్వారబంధం అడుగున ఇనప మేకు ఆనించి, కొట్టడానికి రాయి ఎత్తాడు. రాయి పడకముందే, బొటనవేలి ఒత్తిడికే మేకు దిగిపోయింది, ముద్దపప్పులో వేలు దిగినట్టు. నా మంత్రబలం చూశారా అని మీసం దువ్వాడు.

నాంచారి ఏడుపు అక్కడే ఆగింది. టేకు మంత్రానికి మెత్తబడుతుందా, తడికి మెత్తబడుతుందా అనుకుంది. గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసి పక్కనే గుచ్చింది. అదీ దిగింది. ఈ పిల్లకేం మంత్రాలు రావే! గోటితో పసుపు గీకితే లోపలి చెక్క నల్లగా, తడిసిన పొగాకులా రాలింది.

నోటితో చెబితే సుబ్బాయమ్మ వినే ఘటమా? అందుకే నాంచారి, "అత్తయ్యగారూ, మీ చేత్తో ఓ బిందె పొయ్యండి. దెయ్యం తాగుతుందేమో చూద్దాం," అంది.

పోసింది. వీధిలోకి చెంబెడు రాలేదు, ఇంట్లోకి చుక్క రాలేదు. గోడకీ బంధానికీ మధ్యనున్న నెర్రెలోకి నీళ్ళన్నీ గుటగుటా పోయాయి.

తలుపెందుకు మూలిగింది? బంధం కుంగింది గనక. బంధమెందుకు కుంగింది? అడుగు పుచ్చింది గనక. అడుగెందుకు పుచ్చింది? నీళ్ళు తాగింది గనక. నీళ్ళెవరు పోశారు? ఆఁ, అంత గట్టిగా అనకండర్రా, ఆవిడ వింటుంది.

సుబ్బాయమ్మ బిందె వెనక్కి దాచుకుంది. "ఈ దెయ్యానికి దాహం ఎక్కువే," అని గొణిగి, వడ్రంగిని తనే పిలిపించింది. అతను పుచ్చినంత మేరా కోసేసి, ఆరిన టేకు ముక్క అతికి, నెర్రెలో సున్నం కూరి, గడప ముందు బండని వీధివైపు వాలుగా పరిచాడు.

శుక్రవారం తలుపు కిక్కురుమనలేదు. నాంచారి పెట్టె సర్దనూలేదు. అత్తగారు ఆ మంత్రగాడి మేకుని గోడకి కొట్టించి, దానికో తడిగుడ్డ తగిలించింది. ఇప్పుడు గడప తుడవడమే, దిమ్మరించడం లేదు.

పైన పసుపు చూసి మురిసిపోకండర్రా, కింద గీకి చూడండి. ఇల్లు మూలిగితే ముందు తడి వెతకండి, తర్వాత దెయ్యాన్ని వెతుక్కోండి. కోడలి జోలికి మాత్రం పోకండి.

కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.